ఆగి చూసే చెయ్యి

మా అమ్మ చేతి మీద పేటెంటు ఉంది. నవ్వకండి, నిజమే. కాగితాల్లో ‘స్పర్శలయ ఆధారిత ఆసన వ్యవస్థ’ అని నోరు తిరగని పేరేదో పెట్టారు గానీ, అందులో ఉన్నది నరసరావుపేట భ్రమరాంబ గారు పిల్లల్ని జోకొట్టే పద్ధతి తప్ప మరేమీ కాదు. మా వీధిలో ఏ పిల్ల గుక్కపట్టినా తెచ్చి మా అమ్మ ఒళ్ళో పడేసేవాళ్ళు. అమ్మ వీపు మీద నాలుగుసార్లు తట్టేసరికి ఆ పిల్ల తల వాల్చేసేది. నాన్న పోయాక అక్కనీ నన్నూ ఆ చేత్తోనే పెంచింది. ఆ చేతిని విమానంలోకి ఎక్కించింది నేను. దొంగిలించింది మా ఇంటివాళ్ళు.

నా పేరు హైమవతి. విమానాల లోపలి భాగాలు తయారుచేయడం నా వృత్తి. విమానం అనగానే అందరూ రెక్కల గురించీ ఇంజన్ల గురించీ అడుగుతారు. నేను చేసేది కూర్చునే చోటు. సీటు, దాని గుడ్డ, తల ఆనించే దిండు, కిటికీ పక్కన పడే వెలుగు. ఎంత గొప్ప ఇంజను బిగించినా ప్రయాణికుడికి గుర్తుండేది ముందు సీటువాడు వెనక్కి వాలినప్పుడు తన మోకాలికి తగిలిన దెబ్బే. విమాన కంపెనీల పోటీ అంతా ఆ మోకాలి దగ్గరే ఉంది. ఆకాశం అందరికీ ఒకటే కదా, తేడా చూపించాలంటే లోపలే చూపించాలి.

మా అక్క ఇందుమతి భర్త చక్రధర్ బావ శంషాబాద్ అవతల ‘వాయుపీఠం’ అని ఒక కంపెనీ పెట్టాడు. అందులో నేను మొదటి ఇంజనీర్ని. మనుషుల వ్యవహారాలన్నీ అక్క చూసుకునేది. మా షెడ్డులో నేల మీద ఒక విమానం పొట్ట ఉండేది. దానికి రెక్కల్లేవు, తోక లేదు. లోపల మాత్రం సీట్లు, కిటికీలు, దీపాలు అన్నీ అసలు విమానంలో ఉన్నట్టే ఉంటాయి. మేం దాన్ని డొల్ల అనేవాళ్ళం.

కొత్త సీటు తయారైనప్పుడల్లా జనాన్ని డొల్లలో రోజంతా కూర్చోబెట్టి పరీక్షించాలి. బయటివాళ్ళని పిలిస్తే రహస్యాలు బయటికి పొక్కుతాయని బావ భయం. అందుకని మా ఇళ్ళవాళ్ళనే పిలిచేవాడు. అక్క పెళ్ళికి పిలిచినట్టు పేరు పేరునా ఫోన్లు చేసేది. అత్తగార్లు, తోడికోడళ్ళు, రిటైరైన బాబాయిలు ఆటోలు కట్టించుకుని దిగేవాళ్ళు. పులిహోర, మజ్జిగ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్కడికీ పోని విమానంలో ప్రయాణం చేసి, బాగుందనో బాగోలేదనో చెప్పి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. మా అమ్మకి కిటికీ పక్క సీటే కావాలి. ఆ కిటికీలోంచి కనిపించేది షెడ్డు గోడే అయినా సరే.

సీటుకీ సీటుకీ మధ్య జాగా పెంచమంటే ఏ విమాన కంపెనీ ఒప్పుకోదు. జాగా పెంచలేనప్పుడు శరీరాన్నే కుదుటపరిస్తే ఎలా ఉంటుందని నాకు ఆలోచన వచ్చింది. సీటు గుడ్డ కింద రూపాయి బిళ్ళంత గాలి బుడగలు వరసగా అమర్చాను. అవి ఉబ్బుతూ తగ్గుతూ వీపు మీదా తొడల కిందా మెల్లగా తడతాయి. కూర్చున్నవాడి ఊపిరిని పసిగట్టి దానికి తగ్గట్టు వేగం మార్చుకుంటాయి. కంప్యూటర్‌తో రకరకాల లయలు తయారుచేసి తట్టించాం. ఒక్కటీ పనిచేయలేదు. "పక్కింటివాళ్ళు గోడకి మేకు కొడుతున్నట్టుందమ్మాయ్" అని ఒక బాబాయి లేచి వెళ్ళి బయట కుర్చీలో కూర్చున్నాడు.

అమ్మ అప్పటికే నరసరావుపేట వదిలి నా ఫ్లాట్‌కి వచ్చేసింది. ఓ ఆదివారం తలనొప్పితో అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. అమ్మ టీవీ చూస్తూనే నా వీపు మీద తడుతోంది. కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. తలనొప్పి లేదు. లేస్తూనే షెడ్డుకి పరుగెత్తి, వేళ్ళ ఒత్తిడిని కొలిచే పల్చటి తొడుగొకటి తెచ్చి అమ్మ చేతికి తొడిగాను.

"ఏందే ఇది, గిన్నెలు తోముకునేదా?" అంది అమ్మ.

"నువ్వు మామూలుగా జోకొట్టమ్మా. ఇది రాసుకుంటుంది."

అమ్మ తట్టినదంతా తెర మీద గీతలుగా వచ్చింది. మధ్య మధ్యలో గీత చదునుగా ఉంది. అక్కడ చెయ్యి తట్టడం లేదు, ఊరికే ఆని ఉంది. తొడుగు పాడైందేమో అనుకున్నాను.

"మధ్యలో ఎందుకాపుతున్నావమ్మా?"

"ఆపొద్దా మరి? పిల్ల ఒత్తిగిలుద్దేమో చూడాలిగా. ఒకే పక్కన ఎంతసేపని పడుకోబెడతాం, కాలూ చెయ్యీ తిమ్మిరెక్కవూ? మనం ఆపితే నిద్రలోనే అదే కదులుద్ది. కదిలినాక మళ్ళా మొదలెట్టాల."

"కదలకపోతే?"

"లేపాల. నిద్రపుచ్చటం ఎవరైనా చేస్తారే. పిల్ల బానే ఉందో లేదో చూసుకోవటమే పని."

ఆ చదును గీతల్ని అలాగే ఉంచి సీట్లకి ఎక్కించాం. ఆ రోజు డొల్లలో జరిగింది ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంది. ఎప్పుడూ టైమెంతయిందని విసిగించే బాబాయిలు గడియారం వంక చూడలేదు. సీట్లు కాసేపు ఆగేవి. ఆగినప్పుడల్లా వరస వెంట వరస జనం నిద్రలోనే కాళ్ళు జరుపుకుని, అటు తిరిగి, మళ్ళీ సర్దుకునేవాళ్ళు. గాలికి వరిచేను ఒరిగి లేచినట్టుండేది. సాయంత్రం దిగి ఎవరి కాళ్ళ మీద వాళ్ళు హాయిగా నడిచి వెళ్ళారు. ఆ సీటుకి ‘ఒడి’ అని పేరు పెట్టాను. బావ నా తల మీద మొట్టికాయ వేసి, "మరదలా, నిన్ను చదివించినందుకు మీ నాన్న పైనుంచి మీసం మెలేస్తుంటాడు" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. అప్పట్లో బావ ఏమన్నా నాకు ముద్దుగానే ఉండేది.

ఎవరూ కాపీ కొట్టకుండా ఒక తాళం వేశాం. ఒడి సీట్లు అమ్మ చేతిని గుర్తుపడతాయి. లయ మార్చాలంటే తొడుగు తొడుక్కుని అమ్మ స్వయంగా మొదటి నుంచీ తట్టాలి. కంప్యూటర్లో కత్తిరించి అతికితే పనికిరాదు. ఒకసారి చేసి చూశాం కూడా, అతుకు దగ్గరకొచ్చేసరికి జనం ఉలిక్కిపడి లేచారు. శరీరం దొంగచేతిని ఇట్టే పసిగడుతుంది. ఆ తొడుగుని అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య దాచాను. అంతకంటే భద్రమైన చోటు నాకు తోచలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత చిన్నప్పటి నుంచీ వింటూ కూడా తోచలేదు.

తర్వాత గగనిక ఎయిర్‌లైన్స్ వాళ్ళు వచ్చారు. వాళ్ళ కొనుగోళ్ళ పెద్ద పరాంకుశం గారు పొడుగాటి మనిషి, తక్కువ మాట్లాడతాడు. సీటు ఆయనకి నచ్చింది. కాకపోతే ఇంత హాయిగా ఉన్నప్పుడు వరసలు ఇంకొంచెం దగ్గరికి జరపొచ్చు కదా, ఇంకో రెండు వరసలు పడతాయి కదా అన్నాడు. జరిపి చూశాం. సీట్లు ఆగిన ప్రతిసారీ జనం కాళ్ళు కదపబోవడం, మోకాళ్ళు ముందు సీటుకి కొట్టుకోవడం, మెలకువ వచ్చి విసుక్కోవడం. బావ మొహం వాడిపోయింది.

"హైమా, ఆ ఆపడం తీసేస్తే?" అన్నాడు మెల్లగా.

"తీసేస్తే కదలరు బావా. పిక్కలు కదిలితేనే కాళ్ళలో రక్తం పైకి ఎక్కేది. గంటల తరబడి కదలకపోతే అక్కడే గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి పోతాడు. ఇరుకుగా ఉన్నప్పుడు ఇబ్బందిగా అనిపించడం మంచిదే, అది కదలమని చెప్పడం. మనం దాని నోరు మూయకూడదు."

"మామూలు సీట్లల్లో కూడా జనం నిద్రపోతారుగా."

"పోతారు, కాలు నొప్పెడితే లేస్తారు. ఇందులో లేవరు."

బావ నవ్వి, "సరే తల్లీ, నీ మాటే. నీకు చెప్పకుండా అందులో ఒక్క దెబ్బ కూడా మార్చను. అత్తయ్య మీద ఒట్టు" అన్నాడు. పక్కనే ఉన్న అక్క, "అమ్మ మీద ఒట్లెందుకండీ" అని కసురుకుంది. నేను ఆ కసురుని ప్రేమ అనుకున్నాను.

ఆ నెలలోనే జర్మనీలో విమానాల లోపలి భాగాల ప్రదర్శన వచ్చింది. బావ తను వెళ్ళకుండా నన్ను పంపించాడు. సీటు కనిపెట్టినదానివి నువ్వు, వేదిక మీద నువ్వే నిలబడాలి అన్నాడు. అక్క కరివేపాకు పొడి, కందిపొడి కట్టి ఇచ్చి, విమానాశ్రయం దాకా వచ్చి సాగనంపింది. అక్కడ ఒడికి మంచి పేరొచ్చింది. తెల్లవాళ్ళు సీట్లలోంచి లేవనంటే బతిమాలి లేపాల్సి వచ్చింది. ఫోన్ చేస్తే అక్క ఎప్పుడూ తొందరలోనే ఉండేది. పని ఒకరోజు ముందే అయిపోయింది. ఇంటికి చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరుద్దామని టికెట్టు మార్చుకుని, శంషాబాద్‌లో దిగి తిన్నగా షెడ్డుకి వెళ్ళాను.

గుమ్మం ముందు చెప్పుల గుట్ట ఉంది. డొల్లలో తివాసీ పరిచి ఉంటుంది గనక మా చుట్టాలు చెప్పులు విప్పి మరీ విమానం ఎక్కుతారు. పరీక్ష ఉన్నట్టు నాకెవరూ చెప్పలేదే అనుకుంటూ సూట్‌కేసు పక్కన పెట్టి లోపలికి వెళ్ళాను.

వరసలు దగ్గరికి జరిగి ఉన్నాయి. మోకాళ్ళకీ ముందు సీటుకీ మధ్య అరచెయ్యి కూడా దూరదు. అన్ని సీట్లలోనూ జనం నిద్రపోతున్నారు. అందరి మొహాలూ హాయిగా ఉన్నాయి. సీట్లు ఆగే క్షణం కోసం, జనం ఒత్తిగిలే క్షణం కోసం నేను నిలబడి చూశాను. రాలేదు. ఇంకా కాసేపు చూశాను. తట్టడం ఆగలేదు, ఒక్క కాలు కదల్లేదు.

మొత్తం డొల్లలో మెలకువగా ఉన్నది ఒక్క అక్కే. చేతిలో మంచినీళ్ళ సీసాతో సీట్ల మధ్య దారిలో అటూ ఇటూ నడుస్తోంది. తను కూర్చోలేదు. నన్ను చూసి ఆగిపోయింది.

"రేపు కదే నువ్వు రావాల్సింది" అంది.

"అమ్మ ఏది?"

అక్క కిటికీ పక్క సీటు వైపు చూసింది.

నాన్న పోయాక అమ్మ మొహం అంత తేలిగ్గా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. వంగి కాలి మీద చెయ్యి వేశాను. పిక్క గట్టిగా, వేడిగా, చీలమండ దాకా ఉబ్బి ఉంది. పిలిస్తే లేవలేదు. సీటు కింద తీగ పీకేశాను. అప్పుడు కళ్ళు తెరిచి, "వచ్చావటే? ఎంత బాగా నిద్రపట్టిందే" అంది. లేవబోయింది. కాలు నిలవలేదు. ఊపిరి అందక నోరు తెరిచి నా మీద పడిపోయింది.

తెర మీద చూస్తున్న పక్కగదిలోంచి బావ పరుగెత్తుకొచ్చాడు. వెనకాల పరాంకుశం గారు. నేను అంబులెన్స్ అని అరుస్తుంటే బావ ఆయన వైపు తిరిగి, "బీపీ అయ్యుంటుంది సార్. పెద్దావిడ" అన్నాడు.

అల్లుడొచ్చాడంటే చారులోకి కూడా నెయ్యి వేసి వడ్డించిన మా అమ్మ ఆ క్షణంలో ఆయనకి ఎవరో పెద్దావిడ అయిపోయింది.

కాలిలో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరిందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యడానికేమీ ఉండేది కాదంది. ప్రాణం నిలబడుతుంది గానీ ఆ కాలు మునుపటిలా ఉండదట, ఎప్పుడూ కట్టు వేసుకునే నడవాలట. మిగతా చుట్టాల్ని కూడా పిలిపించి చూపించమని నేను పట్టుబట్టాను. అక్క తోడికోడలి తల్లికి కూడా పిక్కలో చిన్న గడ్డ బయటపడింది. ఆవిడకి మందులు మొదలెట్టారు. ఆ సంగతి బావ బయటికి రానివ్వలేదు.

క్యాంటీన్‌లో ఆయన్ని నిలబెట్టి అడిగాను.

"అత్తయ్యకి ముందునుంచీ మోకాళ్ళ బాధ ఉంది కదమ్మా. మిగతావాళ్ళంతా బాగానే లేచారు" అన్నాడు.

"ఒట్టు వేశావు బావా."

"ఒట్లతో కంపెనీలు నడుస్తాయా? గగనిక వాళ్ళు పోతే షెడ్డు మూసుకోవాలి. మనల్ని నమ్ముకుని ఎన్ని కుటుంబాలున్నాయో నీకు తెలీదా? విమానంలో మధ్య మధ్య లేచి తిరగమని ఒక ప్రకటన వేయిద్దాంలే."

"నిద్రపోయేవాడికి ప్రకటన వినిపిస్తుందా?"

ఆయన కాఫీలో చక్కెర కలుపుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కోసేవాడి మొహంలో కోపం కూడా ఉండదు.

అయితే నాకొక సంగతి అర్థం కాలేదు. అమ్మ చెయ్యి లేకుండా లయ మారదు. షెడ్డుకి వెళ్ళి కొత్త గీత తీసి చూశాను. ఎక్కడా అతుకు లేదు. అది అచ్చంగా అమ్మ చెయ్యే. బొటనవేలి పక్క వేలు కొంచెం ఆలస్యంగా ఆనడంతో సహా అంతా అమ్మదే. కాకపోతే ఒక్కచోట కూడా ఆగలేదు.

అమ్మ కాస్త కోలుకుని మాట్లాడగలిగాక అడిగాను. "నేను లేనప్పుడు తొడుగు తొడుక్కున్నావా అమ్మా?"

"నువ్వేగా చెప్పావంట" అంది అమ్మ.

"ఎవరన్నారు?"

"అక్క. ఫోన్ చేశావంటగా, ఈసారి ఆపకుండా కొట్టించమన్నావంటగా. నేను అట్టా కుదరదే అన్నా. అప్పుడు ఇందు ఏడ్చిందే పిల్లా. నిద్ర పట్టక ఎన్నాళ్ళయిందోనంది. కంపెనీ సంగతి తల్చుకుంటే గుండె దడగా ఉందంది. నా ఒళ్ళో తలపెట్టుకుని, ఆపొద్దమ్మా, నువ్వు ఆపితే మెలకువొస్తాంది అని నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. చిన్నప్పుడు పట్టుకున్నట్టే. ఇంక ఆపలేదు. చెయ్యి నొప్పిపుట్టినా ఆపలేదు."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. బావ సంగతి పోనీ, ఆయన ఎంతైనా అల్లుడు. అక్క అమ్మ ఒళ్ళో పడుకుని ఆ పని చేసింది. ఏడుపు నిజమే అయ్యుండొచ్చు. నిద్ర లేకపోవడం కూడా నిజమే అయ్యుండొచ్చు. ఆ రెండు నిజాల్నీ పెట్టి మా అమ్మని మోసం చేసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, నేను పట్టుచీరల మధ్య దాచిన నమ్మకం అలా తేలింది. నాకు అరవాలనిపించింది.

"ఏందే, ఏమయింది?" అంది అమ్మ.

చెప్పకూడదనుకున్నాను. కానీ దాచడం ఆ ఇంట్లో ఇప్పటికే సరిపడా జరిగింది. మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. తన కాలికి ఆ గతి పట్టించింది ఏమిటో, రేపు ఆకాశంలో ఎంతమంది కాళ్ళకి పడుతుందో చెప్పాను. అమ్మ తన కుడిచేతిని దుప్పటి మీద పెట్టుకుని, అది వేరేవాళ్ళదన్నట్టు చూసింది.

"నా చెయ్యి పెట్టి చేశారా?" అంది. "మన ఇందుకి తెలుసా?" అంది.

"తెలుసమ్మా. అందుకే తను కూర్చోలేదు."

అమ్మ దుప్పటి పక్కకి తోసింది. "పోయి ఆ తొడుగు పట్రా" అంది.

బీరువాలో తొడుగు దాని చోట్లోనే ఉంది. అక్క చాలా జాగ్రత్తగా మడిచి పెట్టింది. తెచ్చి అమ్మ చేతికి తొడిగాను. సూది గుచ్చిన చోట కమిలి ఉంటే నొప్పెడుతుందేమో అన్నాను. అమ్మ వినిపించుకోలేదు. నేను కుర్చీలోంచే మంచం మీదకి తల వాల్చాను. అమ్మ తట్టడం మొదలెట్టింది. అంత కోపంలో నిద్రపోతానని నేననుకోలేదు. మధ్యలో చెయ్యి ఆగడం, నేను అటు తిరగడం, మళ్ళీ మొదలవడం మాత్రం మసక మసకగా తెలుసు. లేచేసరికి అమ్మ తొడుగు విప్పి నా ఒళ్ళో పెట్టి ఉంది.

"సరిగా వచ్చిందో లేదో చూసుకో" అంది.

ఒప్పందం మీద సంతకాలకి ముందు పరాంకుశం గారు తన మనుషుల్ని కూర్చోబెట్టి, తనూ కూర్చుని చూస్తానన్నాడు. సీటు చేసిన ఇంజనీరు కూడా ఉండాలన్నాడట. బావ ఫోన్ చేసి, "జరిగిందేదో జరిగింది హైమా, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంచుదాం. రా" అన్నాడు. వస్తానన్నాను. అత్తయ్య ఆస్పత్రిలో ఉండగా లయ ఎవరు మారుస్తారని ఆయన ధైర్యం. నేను ముందుగా వెళ్ళి అమ్మ కొత్తగా ఇచ్చినదాన్ని సీట్లకి ఎక్కించాను. సీట్లు ఆ చేతిని వెంటనే గుర్తుపట్టి ఒప్పుకున్నాయి.

పరాంకుశం గారు మొదటి వరసలో కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. బావ గుమ్మం దగ్గర నిలబడి నాకేసి చూసి బొటనవేలు ఎత్తాడు. అక్క మంచినీళ్ళ సీసాతో దారిలో నడుస్తోంది. సీట్లు తట్టడం మొదలెట్టాయి. పొడుగాటి మనిషి ఆ ఇరుకులో మోకాళ్ళు ముందు పలకకి ఒత్తుకుపోయి కూడా చిన్నపిల్లాడిలా తల వాల్చాడు. వెనకాల ఊపిర్లు ఒకటొకటిగా నెమ్మదించాయి. నా కళ్ళు కూడా మూసుకుపోతుంటే గోళ్ళు అరచేతిలో గుచ్చుకుంటూ మెలకువగా ఉన్నాను.

అప్పుడు సీట్లు ఆగాయి.

డొల్ల మొత్తం ఒక్కసారి కదలబోయింది. కదలడానికి చోటు లేదు. అన్ని వరసల్లోనూ మోకాళ్ళు సీట్ల వెనక అట్టలకి టకటకా కొట్టుకున్నాయి. "అమ్మా" అని మూలిగినవాళ్ళు కొందరు, "ఏవండీ, కాస్త జరగండి" అని ముందు సీటుని గుద్దినవాళ్ళు కొందరు. జనం కళ్ళు నులుముకుని, తమని ఎవరో ఎత్తి తెచ్చి ఇక్కడ కుదేసినట్టు చుట్టూ చూసుకున్నారు. పరాంకుశం గారు రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంతసేపూ నా మోకాళ్ళు ఎక్కడున్నాయండీ?" అని నన్ను అడిగాడు.

"ఇక్కడే ఉన్నాయండీ. మీకు తెలియనివ్వలేదు" అన్నాను. "ఆరోజు పడిపోయిన పెద్దావిడకి కూడా తెలియలేదు. అది బీపీ కాదు. కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. ఆవిడ మా అమ్మ. ఈ సీట్లలో ఉన్న చెయ్యి ఆవిడదే. ఇప్పుడు మిమ్మల్ని లేపింది కూడా ఆవిడే."

ఆయన బావ వైపు చూశాడు. బావ గుమ్మం దగ్గర నుంచి పక్కకి తప్పుకున్నాడు. పరాంకుశం గారు సీటు పట్టుకుని లేచి, కాళ్ళు సాగదీసుకుని, వాళ్ళ మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ధర్మం తలుచుకుని వెళ్ళాడని నేననుకోను. ఆకాశంలో మనుషులు పడిపోతే కోర్టు మెట్లు ఎక్కాల్సింది ఎవరో ఆయనకి బాగా తెలుసు. ఏదైతేనేం, వెళ్ళాడు.

అందరూ వెళ్ళాక అక్క నా ఎదురుగా నిలబడింది.

"ఇంత పని చేస్తావనుకోలేదే. సొంత అక్క సంసారం" అంది.

"అమ్మని ఆ సీట్లో ఎలా కూర్చోబెట్టావు?"

"రావద్దన్నాను. వింటుందా? కిటికీ పక్కన కూర్చుంటానని తనే ఎక్కింది. మధ్యలో లేపుదామనే అనుకున్నాను హైమా, దేవుడి తోడు. రెండుసార్లు సీటు దాకా వెళ్ళాను." అక్క సీసా మూత బిగించింది. "పరాంకుశం గారు చూస్తున్నారు."

నేను తొడుగు సంచిలో పెట్టుకుని అమ్మ దగ్గరికి బయల్దేరాను.

అమ్మని ఆస్పత్రి నుంచి మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాను. షెడ్డు మూతపడిందని, బావ వేరే ఊళ్ళో పని వెతుక్కుంటున్నాడని ఎవరో చెప్పారు. నేను కూడా ఉద్యోగం లేకుండానే ఉన్నాను. ఓ రోజు అమ్మ భోంచేసి నడుం వాల్చిన వేళ అక్క వచ్చింది. చిక్కిపోయింది. నాతో ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, మంచం పక్కన నేల మీద కూర్చుని, అమ్మ ఒడిలో మొహం దాచుకుంది. అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"నిద్ర పట్టట్లేదమ్మా" అంది.

ఈసారి అది పూర్తిగా నిజమని మొహం చూస్తేనే తెలుస్తోంది.

అమ్మ చెయ్యి అలవాటు కొద్దీ లేచి అక్క వీపు మీద పడింది. తట్టడం మొదలెట్టింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. అక్క భుజాలు మెల్లగా వదులయ్యాయి. కాసేపటికి అమ్మ చెయ్యి ఆగింది. ఊరికే ఆని ఉంది.

అక్క కదల్లేదు. ఊపిరి బిగబట్టి, చెయ్యి మళ్ళీ మొదలెడుతుందని ఎదురుచూస్తోంది. అమ్మ చాలాసేపు ఆగి చూసింది.

"ఇందూ, లే" అంది.

అక్క తలెత్తి అమ్మ మొహంలోకి చూసింది. అమ్మ తన చీర కుచ్చెళ్ళు అక్క పిడికిట్లోంచి ఒక్కొక్కటే విడిపించుకుంది. తర్వాత ఆ చేతిని దుప్పటి కింద పెట్టుకుని, అటు పక్కకి ఒత్తిగిలి పడుకుంది.